నిద్ర లేచాక మొదటి సిగరెట్

నోరీన్ ప్లాట్ పొద్దున్నే కెటిల్ స్విచ్ నొక్కి, నీళ్లు మరిగేలోపు కంప్యూటర్ తెరిచి, ఒక ఇంటర్నెట్ ఫోరంలోకి రాత్రి కొత్తగా వచ్చినవాళ్లను పలకరిస్తుంది. 2014 ఫిబ్రవరిలో ఒక మంగళవారం నలుగురు వచ్చి ఉన్నారు. ముగ్గురు సిగరెట్ మానలేక, పొగ బదులు నికోటిన్ ఆవిరి పీల్చే వేప్ పట్టుకున్నవాళ్లు. నాలుగో అతను పుట్టి బుద్ధెరిగాక సిగరెట్ ముట్టలేదట. ఆవిరి మబ్బులు చూడముచ్చటగా ఉన్నాయని వచ్చాడట.

"సిగరెట్ అలవాటే లేదా? అయితే నీకిక్కడ పనేముంది నాయనా! కిటికీ తెరిచి గాలి పీల్చుకో," అని రాసి అతన్ని సాగనంపింది.

"మళ్లీ ఎవర్నో తరిమేసినట్టున్నావే?" అన్నాడు భర్త స్టాన్, టోస్ట్ మీద వెన్న రాస్తూ.

"మరి? ఇది పొగలోంచి బయటికొచ్చే దారి. లోపలికి పోయే దారి కాదు."

ఆ ఫోరం పేరు స్టీమ్ షెడ్. నోరీన్ కూడా ఒకప్పుడు అక్కడికి దగ్గుతూ వచ్చిన మనిషే. రాచ్‌డేల్ బస్ స్టేషన్‌లో విచారణ కిటికీ వెనక పనిచేసి రిటైరైంది. ఏ బస్సు ఏ స్టాండు నుంచి కదులుతుందో అడిగినవాడికల్లా విసుక్కోకుండా చెప్పిన నోరు. ఆ సంగతి తెలిసి, కొత్తవాళ్ల గదిని షెడ్ వాళ్లు ఆమెకే అప్పజెప్పారు. వేప్‌లో ద్రవాన్ని వేడిచేసే కాయిల్ మార్చగానే దాని దూది మీద నాలుగు చుక్కలు వేసి నాననివ్వాలని, లేకపోతే దూది మాడి గొంతు మండుతుందని, రోజూ ఎవరో ఒకరికి చెబుతూనే ఉంటుంది. నిన్న చెప్పినదాన్నే ఇవాళ కొత్తగా చెప్పడం ఆమెకు వచ్చిన విద్య.

మిగిలిన ముగ్గురిలో ఒకడు పొడుగ్గా రాశాడు.

"పేరు క్లైవ్ ఓడ్లింగ్. ఊరు గ్రిమ్స్‌బీ. చేపల రేవులో చేపలు కోసేవాణ్ణి. పొగాకు నేనే చుట్టుకుని తాగుతాను. కాల్లో రక్తనాళం పూడుకుపోయింది. మూలమీది దుకాణం దాకా నడిస్తే పిక్క పట్టేస్తుంది, గోడ పట్టుకుని నిలబడాలి. పొగ మానితేనే కత్తి పడతానన్నాడు సర్జన్. మార్చి పద్నాలుగున నర్సు ఒక గొట్టంలో ఊదిస్తుంది. ఊపిరిలో పొగ కనబడితే నన్ను వరస చివరికి పంపేస్తారు. ఈలోగా కాలి వేళ్లు నల్లబడితే కాలు తీసేయాల్సి రావచ్చట. ఏదైనా దారి చెప్పండి మేడమ్."

"మేడమ్ ఏంటయ్యా! అలా పిలిస్తే మా స్టాన్ ఎవరొచ్చారోనని షూ తుడుచుకుంటాడు. నేను నోరీన్‌ని. కెటిల్ పెట్టాను, కూర్చో," అని జవాబిచ్చింది నోరీన్.

షెడ్‌లో ఒక ఆచారం ఉంది. పాతవాళ్ల సొరుగుల్లో పడి ఉన్న పరికరాలు కొత్తవాళ్లకు పార్సిల్లో వెళతాయి. ఎవరూ డబ్బు పుచ్చుకోరు. అందుకున్నవాడు కుదుటపడ్డాక మరొకరికి పంపుతాడు. నోరీన్ తన పార్సిల్లో ఒక టీ బ్యాగ్ కూడా వేస్తుంది. క్లైవ్ కోసం సన్నటి పెన్నులాంటి వేప్ తీసి తుడిచింది. ఇక ద్రవం ఎంత ఘాటుది పంపాలన్నదే మిగిలింది.

షెడ్‌లో ప్రతి ఒక్కరి పేరు కిందా ఒక అంకె ఉంటుంది. వాళ్లు వాడే ద్రవంలో నికోటిన్ ఎంతో చెప్పే అంకె. పద్దెనిమిదితోనో ఇరవై నాలుగుతోనో మొదలుపెట్టి, పన్నెండుకు, ఆరుకు, మూడుకు దిగుతారు. దిగిన ప్రతిసారీ అందరూ చప్పట్లు కొడతారు. ఎవరూ అనుకోకుండానే ఆ అంకె సైనికుడి భుజం మీది పట్టీలాంటిదైంది. ఎంత చిన్నదైతే అంత గొప్ప. నోరీన్ పేరు కింద మూడు ఉంది.

"అందరికీ మూడు, ఆరు అనే ఉన్నాయి. నాకూ మూడే పంపండి. సగం సగం పనులు నాకు నచ్చవు," అని రాశాడు క్లైవ్.

"అదీ మాటంటే!" అంది నోరీన్.

చప్పట్లు మోగాయి. వేల్స్ లారీ డ్రైవర్ మెర్విన్ అందరికంటే గట్టిగా కొట్టాడు. "ఉత్తర సముద్రం గాలి తిన్నవాడికి మూడేంటి నోరీన్, సున్నా అయినా సరిపోతుంది!" గడ్డం, పొట్ట, నోరు, మూడూ పెద్దవే మెర్విన్‌కి.

పార్సిల్ అందిందని క్లైవ్ రాశాడు. టీ బాగుందన్నాడు. వేప్ గురించి మాత్రం, "రోజంతా నోట్లోనే ఉంటోంది" అని ఒక్క ముక్క. ఆ తర్వాత మాట లేదు.

మాట లేదు గానీ మనిషి వస్తున్నాడు. లోపల ఉన్నవాళ్ల పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. నోరీన్ కెటిల్ పెట్టే వేళకు క్లైవ్ చుక్క ప్రతిరోజూ వెలుగుతూనే ఉంది. కాసేపుండి ఆరిపోతుంది. ఇలా వారం దాటింది.

"పోయాడు నోరీన్. మళ్లీ పొగాకు చుట్టుకుంటూ ఉంటాడు. వదిలెయ్," అన్నాడు మెర్విన్ ఫోన్లో.

"పోతే చుక్క ఎందుకు వెలుగుతుంది?"

"చుక్కలు చూసి జాతకాలు కూడా చెబుతున్నావా?"

మాట తగ్గించినవాణ్ణి వెంటపడి పిలవకూడదన్నది షెడ్ నియమం. ఆ నియమం పెట్టింది నోరీనే. ఒకసారి హల్ అనే ఊరి నుంచి వచ్చిన ఒకావిడ మళ్లీ సిగరెట్ ముట్టిస్తే, అందరూ జాలిపడి ఉత్తరం మీద ఉత్తరం రాశారు. "పోలీసులు తలుపు కొట్టినట్టుంది" అని రాసి ఆమె వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

కానీ బస్ స్టేషన్‌లో నోరీన్ చూసిన మనుషులు వేరే ఉన్నారు. బస్సు తెలిసినవాడు టైంటేబుల్ వంక చూడడు. బస్సు వద్దనుకున్నవాడు అటు రాడు. ఆ పలక ముందు నిలబడి చదివిందే చదివేవాడికి దారి తెలియదు, అడగడానికి మొహం చెల్లదు. అలాంటివాడు కనబడితే నోరీన్ అద్దం పైకెత్తి, "ఎక్కడికి నాయనా?" అనేది. తను పిలవకపోతే వాళ్లు అక్కడే నిలబడి ఆఖరి బస్సు కూడా పోగొట్టుకునేవాళ్లు.

శుక్రవారం పొద్దున ఆ చుక్కను చూస్తూ ఆమె తను రాసిన స్వాగతాన్ని మళ్లీ చదువుకుంది. ఊరేది, ఏం తాగుతావు, చేతిలో ఏ పరికరం ఉంది. మూడే ప్రశ్నలు. నాలుగోది ఉండాలే అనిపించింది. వెతికితే పాత ప్రతిలో దొరికింది. నిద్ర లేచాక ఎంతసేపటికి మొదటి సిగరెట్ వెలిగిస్తావు?

ఆ ప్రశ్న ఒక్కటి అడిగితే మనిషికి ఎంత ఘాటు కావాలో చాలావరకు తెలిసిపోతుంది. పది గంటల టీతో వెలిగించేవాడు వేరు, కళ్లు నులుముకుంటూ అగ్గిపెట్టె తడుముకునేవాడు వేరు. కిందటి క్రిస్మస్ ముందు మెర్విన్, "నీ స్వాగతం చదివేలోపు మనిషి మూడు సిగరెట్లు కాల్చేస్తాడు" అని ఎగతాళి చేస్తే, ఆమె దాన్ని కురచ చేసింది. తీసేసినవాటిలో ఇదొకటి. తను మూడుకు దిగాక, చుట్టూ ఉన్నవాళ్లూ దిగాక, ఆ ప్రశ్న ఎప్పుడో తగ్గిపోయిన జ్వరం గురించి అడిగినట్టు అనిపించి ఉంటుంది.

ఆమె లేచి సొరుగులోంచి క్లైవ్‌కు పంపినలాంటి పెన్నే మరొకటి తీసింది. తన మూడు అంకె ద్రవం పోసి, కాసేపు ఆగి, లాగింది. మళ్లీ లాగింది. ఉప్పు మరిచిన గంజిలా ఉంది. ఆమె రోజూ వాడేది గుప్పెడంత పెద్ద పరికరం. అది ఆవిరిని గరిటెతో వడ్డిస్తుంది కాబట్టి మూడు సరిపోతుంది. ఈ పెన్ను చెంచాతో వడ్డించేది. చేపల రేవులో పెరిగిన పొగాకు ఆకలికి తను పెట్టింది చెంచాడు గంజినీళ్లు.

"ఏంటా మొహం? పాలు విరిగాయా?" అన్నాడు స్టాన్.

"నా బుర్ర విరిగింది."

నియమాన్ని పక్కనబెట్టి క్లైవ్‌కు ఆ ఒక్క ప్రశ్నే పంపింది. కింద తన ఫోన్ నంబరు రాసింది. టీ చల్లారకముందే ఫోన్ మోగింది.

"నోరీన్ గారూ, నేను. క్లైవ్."

"గారు తీసెయ్. చెప్పు, లేచాక ఎంతసేపటికి?"

"లేచాకా? కాలు కింద పెట్టకముందే. రాత్రే ఒకటి చుట్టి గడియారం పక్కన పెట్టుకుంటాను."

"ఇప్పుడూ అంతేనా?"

"అంతే తల్లీ. సిగ్గేసి చెప్పలేదు. రోజూ వచ్చి మీ మాటలు చదువుకుంటున్నాను. వాళ్లంతా మూడుతో నడుస్తున్నారు, నాకే చేతకాలేదు. మా నాన్న అనేవాడు, నీ వల్ల ఏదీ కాదురా అని."

"మీ నాన్న సంగతి తర్వాత చూద్దాం. నిన్ను తప్పు బస్సు ఎక్కించింది నేను. బస్సు తప్పయితే ఎవరైనా కాళ్లను తిట్టుకుంటారా?"

"నా కాళ్ల ఊసెత్తకు. అవి ముందే అలిగి ఉన్నాయి." క్లైవ్ నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఎలాంటిదో నోరీన్‌కు తెలుసు.

"విను. ఆ నర్సు గొట్టం పొగను పడుతుంది, నికోటిన్‌ను కాదు. నీకు కావాల్సింది పద్దెనిమిది."

"పద్దెనిమిదా! అంతమందిలో అంత అంకె పెట్టుకుంటే నవ్వరూ?"

"నవ్వినవాడి పేరు నాకు చెప్పు. ఇంకోటి, నువ్వు సిగరెట్ లాగినట్టు గబగబా లాగుతున్నావు కదూ? వేడి టీ జుర్రినట్టు నిదానంగా లాగాలి. తొందరపడితే నోట్లోకి ద్రవమే వచ్చేస్తుంది."

"అదా సంగతి! నేను దాన్ని సింక్‌లో దులుపుతున్నాను."

ఇక్కడొక చిక్కు వచ్చింది. పోస్టు చేస్తే శనాదివారాలు దాటి గానీ అందదు. గ్రిమ్స్‌బీలో దుకాణం ఉంది గానీ క్లైవ్ కాలు అంతదూరం రానివ్వదు. ధైర్యం వచ్చిన మనిషిని నాలుగు రోజులు ఆరబెట్టకూడదు. నోరీన్ మెర్విన్‌కు ఫోన్ చేసింది. అతని లారీ వారంవారం గ్రిమ్స్‌బీ నుంచే చేపల పెట్టెలు మోస్తుంది.

"నా స్వాగతంలోంచి ఆ ప్రశ్న ఎగరగొట్టించింది నువ్వే."

"నేనా? జుట్టు కత్తిరించమన్నాను. తల తీసెయ్యమన్నానా?"

"రేపు లోడుకు వెళుతున్నావుగా. రెండు సీసాలు పద్దెనిమిది కొని అతనికి ఇచ్చి రా. నీ మబ్బుల విద్యలు అక్కడ చూపించకు."

శనివారం మధ్యాహ్నం మెర్విన్ లారీలోంచి ఫోన్ చేశాడు.

"తలుపు తీసి నన్ను కింది నుంచి పైకి చూశాడు. అప్పులవాడు అనుకున్నట్టున్నాడు. నోరీన్ పంపిందన్నాక లోపలికి రానిచ్చాడు."

"లాగాడా?"

"నువ్వు చెప్పినట్టే, నిదానంగా. రెండు దమ్ములకు కుర్చీలో వెనక్కి వాలి 'ఇదీ' అన్నాడు. అంతే. తర్వాత నాకు హాడాక్ వేయించి పెట్టాడు. ఆ చేప కోసం మళ్లీ వెళ్తాను."

"యాష్‌ట్రే ఉందా?"

"నిండుగా ఉంది. నేను చూడనట్టే ఊరుకున్నాను."

"ఈ జన్మలో నువ్వు చేసిన మంచిపని అదొక్కటే."

ఆ సాయంత్రం నోరీన్ స్వాగతంలో పాత ప్రశ్నను తిరిగి పెట్టింది, ఈసారి అన్నిటికంటే పైన. తర్వాత తన పేరు కిందున్న మూడును చెరిపేసింది. సున్నాకు దిగావా అని అభినందించడానికి నలుగురు పరిగెత్తుకొచ్చారు. "ఎంతైతే మీకేం? కొత్తవాడు చూసి భయపడకుండా తీసేశాను," అంది. కొందరికి అర్థమైంది, మెర్విన్ కూడా తీసేశాడు. కష్టపడి సంపాదించుకున్న అంకెను ఎందుకు దాచుకోవాలని మరికొందరు అలిగారు. వాళ్ల అంకెలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

క్లైవ్ మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. పొద్దున గడియారం పక్కన ఇప్పుడు పెన్ను ఉంటోందన్నాడు. ఆదివారం ఒకటి చుట్టుకున్నానని ఒప్పుకున్నాడు. నోరీన్ దానికి, "భోజనానికి ఏం వండావు?" అని మాత్రం రాసింది. మరుసటి వారం పొగాకు డబ్బాలో కుట్టుసూదులు వేసుకున్నానన్నాడు.

మార్చి పద్నాలుగు పొద్దున నోరీన్ రెండుసార్లు కెటిల్ పెట్టి రెండుసార్లూ టీ కలపడం మరిచిపోయింది.

"ఒక్కరోజు కాల్చకపోయినా ఆ గొట్టం అంకె దిగిపోతుందని నువ్వేగా చెప్పావు? మరెందుకీ గాభరా?" అన్నాడు స్టాన్.

"దిగుతుంది. అది ఒక్కరోజుకే సాక్ష్యం. కానీ ఇన్నేళ్లలో అతనికి ఆ ఒక్కరోజే దొరకలేదయ్యా."

స్టాన్ తనే టీ కలిపి ఆమె ముందు పెట్టాడు. పదకొండు దాటాక క్లైవ్ చుక్క వెలిగింది.

"ఊదాను. పది దాటకూడదట. నర్సు రెండోసారి కూడా ఊదించింది, మిషన్ చెడిందేమోనని," అని రాశాడు. కింద మరో వరసలో అంకె.

నాలుగు.