తిరువూరులో మూడో గొంతు

విజయవాడ బస్టాండులో ఉదయం ఏడింటికి తిరువూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. కార్డు పైనే ఉంచుకోండి, కండక్టరు అడుగుతాడు. మైలవరంలో టీ తాగేంతసేపు ఆగింది. పక్కసీటు పెద్దావిడ నా సంచిలో బైబిలు చూసి, "పెళ్లికా అమ్మా?" అంది.

"పెళ్లి చేసుకోవచ్చో లేదో చెప్పడానికండి," అన్నాను.

నిజమే. మా సంఘంలో పెళ్లికి ముందు జంటలకు పాఠాలు చెప్పేది నేనే. అలా నా దగ్గర కూర్చున్నవాళ్లే సుజాత, ప్రసాద్. ప్రసాద్ జ్వరంతో పోయి మూడేళ్లు. ఇప్పుడు విస్సన్నపేట నుంచి ఒక టీచరు సంబంధం వచ్చింది. సుజాతకూ ఇష్టమే. అయినా జవాబు చెప్పలేక, "ఒక్కసారి రండక్కా" అని నాకు ఫోన్ చేసింది.

తిరువూరు బస్టాండు నుంచి షేర్ ఆటోలో సుజాత ఇంటికి చేరాను. మామిడికాయ పప్పుతో అన్నం పెట్టింది. తిన్నాక వాక్యం విప్పి చెప్పాను: వివాహబంధం మరణం వరకే, ఆ తర్వాత ఆమె స్వతంత్రురాలు.

"తెలుసక్కా. సాయంత్రం ప్రార్థన దాకా ఉండండి," అంది.

లైట్లు వేసే వేళ ఇద్దరం చాపమీద మోకరించాం. ప్రార్థన ముగించి నేను ఆమేన్ అన్నాను. సుజాతా అంది. లోపలి గదిలోంచి ఒక మగ గొంతు, తాపీగా, ఆమేన్ అంది.

లేచి చూశాను. మంచం, మడతపెట్టిన దుప్పటి. మనిషి లేడు.

"రోజూ ఇంతేనా?"

"రోజూ. నాకు భయం లేదక్కా. కానీ ఆ గొంతు వింటూ ఇంకొకరికి ప్రమాణం ఎలా చెయ్యను? ఇందాక నాకు చెప్పింది ఆయనకి చెప్పండి. మీ మాటంటే గౌరవం."

చనిపోయినవాళ్లతో మాట్లాడకూడదని నేర్పేదాన్ని నేను. ఆమె ముఖం చూసి గుమ్మంలో నిలబడ్డాను.

"ప్రసాదూ, చావు వేరుచేసేదాకా అని మాటిచ్చావు. నిలబెట్టుకున్నావు. ఆ మాట తీరిపోయింది నాయనా. అమ్మాయిని వదిలెయ్యి."

మంచం, ఎవరో లేచినట్టు, ఒక్కసారి కిర్రుమంది.

మర్నాడు సుజాత నన్ను బస్సెక్కించడానికి వచ్చింది. "పొద్దున ప్రార్థనలో ఎవరూ పలకలేదక్కా. టీచరుగారికి సరేనని చెప్పాను," అంది. సంచి నా చేతికిచ్చింది. "ఇప్పుడు ఇంట్లో భయమేస్తోంది. ఆయన కోసం ప్రార్థన చెయ్యరూ?"

పోయినవారి కోసం మేం ప్రార్థించం. ఆ సంగతి చెప్పబోయి ఊరుకున్నాను.

తిరుగు బస్సు ఎ.కొండూరు దాటింది. ఇన్నేళ్లుగా ఎన్నో జంటలచేత 'మరణం వరకు' అని చిరునవ్వుతో పలికించాను. విడిచివెళ్లేవాడికీ అది కష్టమేనని ఎన్నడూ తట్టలేదు. మైలవరం వచ్చేలోగా, పెదవులు కదపకుండా, ప్రసాద్ పేరెత్తి ప్రార్థించాను.