గ్రహణం పొద్దు కోసిన వంకాయలు

పదిహేనేళ్ళుగా ఒక కాగితం దాచి పెట్టుకుని బతుకుతున్నాను. నాలుగు మడతల కాగితం. మా పొలం పాసుపుస్తకం పెట్టుకునే సంచిలో, అట్టకీ ప్లాస్టిక్ కవరుకీ మధ్య ఉంది. ఆ సంచిని ఇంట్లో నేను తప్ప ఎవరూ తెరవరు. ఇన్నేళ్ళూ అదే నా ధీమా. దాని సంగతి ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే నోరు పెగులుతోంది. దీన్ని ధైర్యం అనుకోకండి.

నా భార్య మా అక్క కూతురు. మావైపు ఇది వింతేమీ కాదు. ఆమె పుట్టినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. పురిటింట్లో ఎవరో ఆమెను నా ఒళ్ళో పెట్టి, "ఇదో నీ పెండ్లాం, బాగా పట్టుకోరా" అని నవ్వారు. చంకనెత్తుకుని ఊరంతా తిప్పాను. మాటలు వచ్చినప్పటి నుంచి మామా అనే పిలిచింది, పెళ్ళయ్యాక కొత్త పిలుపు నేర్చుకునే పని కూడా పడలేదు. మాకు పెళ్ళిచూపులు లేవు, అడగడాలు లేవు. పిల్ల మన ఇంట్లోనే ఉంటుందని మా అమ్మ సంబరపడింది. అక్క కూడా అంతే. నేనూ అంతే, అబద్ధం ఎందుకు?

మొదటి కాన్పు. ఏడో నెల. ఒకనాడు ఉదయం సూర్యగ్రహణం పట్టింది. మా ఇళ్ళల్లో గ్రహణం పట్టినంతసేపు కడుపుతో ఉన్న మనిషి కదలకూడదు. గోరు గిల్లకూడదు, కత్తిపీట ముట్టుకోకూడదు. మా అమ్మ ఆమెను చాప మీద పడుకోబెట్టి, తలుపు దగ్గరకు వేసి, పక్కింటికి వెళ్ళింది. నాకేమో తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు. బస్సుకు టైమవుతోంది. కడుపు కాలుతోంది. ఇంటర్ పాసయ్యానన్న పొగరు ఒకటి.

"గ్రహణమూ లేదు, గిహణమూ లేదు, లేసి కూర చెయ్యి" అన్నాను.

ఆమె లేచింది. నాలుగు వంకాయలు ముందేసుకుని తరగడం మొదలుపెట్టింది. మూడో వంకాయ కోస్తుండగా మా అమ్మ తలుపు తీసింది. ఆ మధ్యాహ్నం నేను ఆ కూర కడుపు నిండా తిని షిఫ్టుకు వెళ్ళాను.

ఆడపిల్ల పుట్టింది. మొదటి నెలంతా ముద్దుగానే ఉంది. తర్వాత కాళ్ళు తన్నడం మానేసింది. ఎత్తుకుంటే తడిబట్టలాగా చేతుల మీద వాలిపోయేది. ఏడిస్తే పక్కగదిలోకి వినపడేది కాదు. కళ్ళు మాత్రం మహా చురుకు, ఇంట్లో ఎవరెటు పోయినా అటే తిరిగేవి. బుక్కరాయసముద్రంలో ఒక డాక్టరుకు చూపించాం, అనంతపురంలో ఇద్దరికి చూపించాం. చివరికి బెంగళూరు పొమ్మన్నారు. అక్కడ బిడ్డ నెత్తురు తీశారు, మా ఇద్దరి నెత్తురూ తీశారు. ఫలితం రావడానికి నెల పైన పడుతుందన్నారు. ఆ లోపలే, ఊపిరి ఆడక, బిడ్డ పోయింది.

కాగితం తెచ్చుకోవడానికి నేను ఒక్కణ్ణే వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ చాలా ఓపికగా, నాకు అర్థమయ్యే కన్నడంలో చెప్పింది. ఇది నరాల జబ్బు. మీ ఇద్దరి నెత్తుట్లోనూ ఒకే లోపం దాగి ఉంది, అది ఇద్దరికీ ఒకే పెద్దల నుంచి వచ్చి ఉంటుంది. ఒక్కరిలోనే ఉంటే బిడ్డకు ఈ జబ్బు రాదు, ఇద్దరిలో ఉన్నప్పుడే వస్తుంది. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ఇలాంటి బిడ్డే పుట్టొచ్చు. ఈసారి గర్భం నిలిస్తే మూడో నెలలోపే ఇద్దరూ రండి, పరీక్ష చేసి ముందే చెబుతాం. మీ ఇంట్లో మళ్ళీ మేనరికాలు చేసే ముందు కూడా పరీక్ష చేయించుకోమనండి. గ్రహణం సంగతి నేను అడిగాను. సిగ్గుపడుతూనే అడిగాను. ఆమె నవ్వలేదు. మీ భార్య తప్పు ఏమీ లేదని, ఇంటికి పోగానే ఆ మాట ఆమెకు చెప్పమని అన్నది.

బస్సు రాప్తాడు దాటి అనంతపురం చేరేదాకా ఆ మాటలే నోట్లో తిప్పుకుంటూ వచ్చాను. ఇంట్లో ముగ్గురూ కాచుకుని ఉన్నారు, అమ్మ, అక్క, నా భార్య.

"నరాల జబ్బంట" అన్నాను. అంతే అన్నాను.

"నేను చెప్పలా?" అన్నది మా అమ్మ. "గ్రహణం పొద్దు కత్తిపీట ముందర కూర్చున్నాది. ఆడ వంకాయ తెగితే, ఈడ బిడ్డ నరాలు తెగినాయి."

నా భార్య నా వైపు చూసింది. మామ కదా కూర చెయ్యమన్నది, మామ చెప్తాడులే అన్నట్టు చూసింది. నేను చెప్పుల పట్టీ సరిచేసుకుంటూ కూర్చున్నాను.

ఎందుకు చెప్పలేదు? ఎన్నిసార్లు అడుక్కున్నానో ఈ మాట. చెబితే పిల్లను ఇచ్చిన అక్క కుమిలిపోతుందని, చేసుకోమన్న అమ్మ తట్టుకోలేదని, తమ్ముడి కూతుర్ని రేపు ఎవరు చేసుకుంటారని, ఇలా ఒకటి కాకపోతే ఒకటి వెతుక్కున్నాను, అన్నీ నిజాలే, కానీ అవి పైకి చెప్పుకోవడానికి పనికొచ్చే నిజాలు. అసలు సంగతి వేరు. నా నెత్తుట్లో లోపం ఉందని నలుగురిలో అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. గ్రహణాన్ని నమ్మనివాణ్ణి కదా నేను? నమ్మని గ్రహణమే నాకు చాటయింది. దాని వెనక హాయిగా దాక్కున్నాను. నా చదువు అందుకు పనికొచ్చింది.

తప్పు ఇక్కడితో ఆగి ఉంటే బహుశా ఇది రాసేవాణ్ణి కాదేమో. ఏడాదిన్నరకు ఆమెకు మళ్ళీ నెల తప్పింది. బెంగళూరు తీసుకుపోవాలి. తీసుకుపోతే ఎందుకో చెప్పాలి. నేను లెక్క వేసుకున్నాను. నాలుగింట ఒకటి చెడ్డది అంటే మూడు మంచివే కదా? ఈ నేల మీద వేరుశనగ వేసేవాడికి నాలుగేళ్ళలో ఒక్క ఏడు పండితే గొప్ప. అలాంటివాడికి మూడు వంతులు మంచిదంటే ఎంత ఆశ. విత్తనం వేసి వాన కోసం చూసినట్టే చూశాను. పొలం ఎండితే మళ్ళీ దున్నుకోవచ్చన్న తేడా నాకు తెలియనిది కాదు. మూడో నెల దాటిపోయింది. దాటనిచ్చాను.

ఆ కాన్పులో గ్రహణమొకటి వస్తుందని క్యాలెండరులో చూసి ఆమె ముందే భయపడింది. ఆ రోజు మంచినీళ్ళు కూడా తాగకుండా, పక్కకు తిరగకుండా, కళ్ళు మూసుకుని పడుకుంది. నేను గడప మీద కూర్చుని చూస్తున్నాను. లేమ్మా, దీనికీ దానికీ సంబంధం లేదు అని ఒక్క మాట అనలేదు.

కొడుకు పుట్టాడు. రెండో నెలలో కాళ్ళు తన్నడం మానేశాడు. ఆరో నెలలో పోయాడు. మొదటి దోషం ఇంకా కడుక్కుపోలేదని అమ్మ తేల్చేసింది. నా భార్య అదే నమ్మింది. ఇంక బిడ్డలు వద్దంది. "నా చేతుల్లోనే ఉండాది మామా దోషం" అని ఒకసారి తన రెండు అరచేతులూ నాకు చూపించింది. ఆ తర్వాత మా ఇంట్లోకి వంకాయ రాలేదు. ఎప్పుడు గ్రహణం వస్తున్నా, మా వీధిలో కడుపుతో ఉన్న ప్రతి పిల్ల ఇంటికీ పోయి, నన్ను చూసి నేర్చుకోండమ్మా, కత్తిపీట ముట్టుకోవద్దండి అని చెప్పి వచ్చేది. కొత్త కోడళ్ళు ఆమెను చూసి భయపడేవారు. ఆమె అటు వెళ్ళిన ప్రతిసారీ నేను ఏదో పని కల్పించుకుని బయటికి పోయేవాణ్ణి.

అమ్మ పోయింది. కాగితం ఉంది.

రెండు నెలల కిందట మా అక్క కొడుక్కి, అంటే నా భార్య తమ్ముడికి, మా తమ్ముడి కూతుర్ని ఇద్దామని మాటలు మొదలయ్యాయి. నా భార్యే ముందుగా సరే అన్నది, మనలో మనం కదా అని. అప్పుడు నేను వద్దన్నాను. ఎందుకని అందరూ నా మీద పడ్డారు. చెప్పక తప్పలేదు. లోపం సంగతి చెప్పాను, పరీక్ష సంగతి చెప్పాను, కాగితం మాత్రం బయటికి తీయలేదు. ఆ పిల్లలిద్దరినీ బెంగళూరు తీసుకుపోయారు. ఫలితం ఇంకా రాలేదు. అంతవరకూ మంచి పనే చేశాను, దానికి నన్ను మెచ్చుకున్నారు కూడా.

అందరూ వెళ్ళాక ఆమె నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అయితే వంకాయలు కోసినందుకు కాదా?"

"కాదు."

"నా చేతుల్లో ఏమీ లేదా?"

"లేదు."

"నీకు ఎప్పుడు చెప్పినారు మామా ఇది? పిల్లోడు నా కడుపులో పడక ముందరే తెలుసునా నీకు?"

ఆమె అడగాల్సింది అదొక్కటే. సరిగ్గా అదే అడిగింది. తెలుసు అనడానికి ఎంతసేపు పడుతుంది? నోరు తెరిచాను.

"లేదు" అన్నాను. "వాడు పోయినాక చెప్పినారు. నీ మనసు ఇంకా చెడుతుందని దాచినా."

ఆమె నా తల మీద చెయ్యి వేసి ఏడ్చింది. "ఇన్నేండ్లు ఒక్కడివే మోసినావా మామా" అన్నది. నన్ను ఓదార్చింది. వినండి, నన్ను ఓదార్చింది. మర్నాడు సంతకు పోయి అరకిలో వంకాయలు తెచ్చింది. వాకిట్లో, అందరికీ కనిపించేలా కత్తిపీట వేసుకుని కూర్చుని తరిగింది. అలా తలెత్తుకుని కూర్చోవడం పెళ్ళయిన కొత్తలో చూశాను, మళ్ళీ ఇప్పుడే చూస్తున్నాను. నాకు వడ్డించి, ఉప్పు సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాను. ఇప్పుడు వారానికి రెండుసార్లు వంకాయే చేస్తోంది. నాకు ఇష్టమని.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఆమె క్షమించింది, కానీ ఆమె క్షమించింది ఆ తప్పు చేయని ఒక మనిషిని.

ఫ్యాక్టరీలో అన్నం బెల్లు కొట్టినప్పుడల్లా కొంచెం కొంచెం రాసి ఇది ముగించాను. ఇది అచ్చయ్యే ఆదివారం పుస్తకాన్ని ప్రతి వారం ఇంటికి తీసుకుపోయేది నేనే. ఆమె దాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదువుతుంది, ఒక్క ముక్క వదలదు. నా పేరు రాయలేదు, ఆమె పేరు రాయలేదు, మా ఊరి పేరూ రాయలేదు. వంకాయల సంగతి కూడా తీసేద్దామని రెండుసార్లు కొట్టేశాను. మళ్ళీ రాశాను. రాశాక, చాలా ఏళ్ళకు, గుండె మీద నుంచి ఏదో కొంచెం పక్కకు జరిగినట్టు అనిపించింది.

తెలుసు. పిల్లోడు నీ కడుపులో పడక ముందే నాకు తెలుసు. కాగితం పాసుపుస్తకం సంచిలో ఉంది, దాని మీద తేదీ ఉంది.