పిప్పి కుండలో నా వాటా

మా తోటికోడలి మనవడు సముద్రంలో నూనె బావుల మీద పనిచేస్తాడు. మొన్న వచ్చినప్పుడు చెప్పాడు, ఆ బావులు ముసలివైపోయాయట. పైకి వచ్చేదాంట్లో నూనె కొంచెం, నీళ్లే ఎక్కువట. ఆశపడి గబగబా లాగితే నీళ్లు ఇంకా తోసుకొస్తాయట.

"మరి మూసేస్తారా?" అన్నాను.

"ఎందుకు మూస్తాం చిన్ననాయనమ్మా, నిదానంగా తీసుకుంటాం" అన్నాడు.

ఆ మాట వాళ్ల నాయనమ్మ బతికుండగా ఆమె ఎదుట అని ఉంటే బాగుండేది. ముసలితనంలో నేర్చుకున్న అక్షరాలతో ఆమె సంగతే ముందు రాస్తున్నాను. పోయినవాళ్లను ఏమీ అనకూడదంటారు. నేను అంటాను.

పంతొమ్మిది వందల యాభైల్లో, గుండుగొలనులో, మా మామగారు పోయాక అన్నదమ్ములు వేరుపడ్డారు. నాకప్పుడు తొమ్మిదో నెల. ఆ రోజు పొయ్యి మీద ఆముదం కుండ ఉంది. గింజలు ఏరింది, వేయించింది, దంచింది నేను. ఆ ముద్దను నీళ్లలో ఉడికిస్తే నూనె పైకి తేలుతుంది. మా తోటికోడలు మంట ఎగదోసి, తెర్లించి, తేలిందంతా గరిటెతో తన చెంబులోకి ఎత్తుకుంది.

"నా వాటా అక్కయ్యా? పురుటికి ఆముదం కావాలి కదండీ."

"కుండ నీదేనే. పిప్పీ నీళ్లూ ఉన్నాయిగా, బిడ్డకి స్నానం చేయించుకో" అంది.

అత్తగారు తల తిప్పుకున్నారు. మా ఆయన గోడ వంక చూశాడు. పురిటింట్లో ఆముదం లేకపోతే బిడ్డ మాడుకు ఏం పెట్టాలి, నా నడుముకు ఏం రాసుకోవాలి? బదులడిగితే వీధంతా నవ్వుతుంది.

మా అమ్మ కొల్లేటి లంకలో చేప కొవ్వు ఉడికించి దోనెలకు రాసే నూనె తీసేది. మంట పెద్దదైతే నూనె చిలికినట్టు నీళ్లలో కలిసిపోతుందని ఆమె దగ్గరే చూశాను. కుండలో వేడినీళ్లు అంచువారగా పోసి, ఊక మంట పెట్టాను. గరిటె ముంచలేదు. తేటపడనిచ్చి, తేలినదాన్ని కోడి ఈకతో అద్ది గిన్నెలోకి రాల్చుకున్నాను. మళ్లీ నీళ్లు, మళ్లీ ఊక. మూడు రోజులు అదే పని.

ఆమె గుమ్మంలోంచి చూసి, "ఏమే, చెరువు ఎండగడుతున్నావా?" అని నవ్వింది.

"అవునండీ అక్కయ్యా, చేప ఉంది" అన్నాను.

తీసినదాన్ని చిటపటలు ఆగేదాకా కాచి నీరంతా ఇగిరించాను. సోలెడు ఆముదం దిగింది.

పురిటి స్నానం రోజున పెద్ద ముత్తయిదువగా ఆమెనే పిలిపించాను. వీధిలో ఆడవాళ్లంతా వచ్చారు. గిన్నె ఆమె చేతికిచ్చి, "మీరు నాకిచ్చిన వాటా అక్కయ్యా. మీ చేత్తోనే మాడుకు పెట్టండి" అన్నాను.

ఆమె వేళ్లు ముంచింది. ఆముదం తీగలా సాగింది.

"ఎంత చిక్కగా ఉందండీ, మీరే తీశారా?" అని ఎవరో ఆమెనే అడిగారు.

"కాదండీ" అంది. అనక తప్పలేదు. బిడ్డ మాడుకు ఒక్క చుక్క పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను చూస్తూ కూర్చున్నాను.

"ఇంకాస్త పెట్టండి. చాలా ఉంది" అన్నాను.