ముందు చివరి పేరా చదువు

నిన్న మధ్యాహ్నం దోహాలో, అల్ సద్‌లోని మా ఆఫీసులో ఎవరో వైట్‌నర్ సీసా మూత తీశారు. తప్పు రాసిన అక్షరాల మీద పూసే ఆ తెల్లటి మందు వాసన ఘాటుగా ముక్కుకు తగిలింది. ఈ రోజుల్లో దాన్ని వాడేవాళ్ళే లేరు. ఏదో ఫారం చేత్తో నింపుతూ మా మలయాళీ గుమాస్తా అంకె తప్పు రాశాడట. నేను చేస్తున్న పని ఆపి, కుర్చీలో వెనక్కి వాలి కాసేపు ఉత్తినే కూర్చున్నాను. ఆ వాసనకు నాకు కరుణమ్మ ఆంటీ గుర్తొస్తారు. ఆమెను తలచుకుంటే ఇప్పటికీ ముందు వచ్చేది కోపమే. ఆ కోపం ఆమె మీదో, మా అమ్మ మీదో, నా మీదో తేల్చుకోలేకుండానే పన్నెండేళ్ళు గడిచాయి.

దోహాకు దగ్గర్లోని మెసయీద్‌లో మా నాన్న పనిచేసే కంపెనీ క్వార్టర్లలో, మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు ఆంటీ. అమలాపురం మనిషి. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. అదే కంపెనీ ఆఫీసులో సెక్రటరీ. పాతికేళ్ళుగా పెద్ద ఇంజనీర్లు చెప్పిన ఉత్తరాలన్నీ ఆమె చేతుల మీదుగానే బయటికి వెళ్ళేవి. అందుకని క్వార్టర్లలో ఎవరికి ఏ కాగితం వచ్చినా, వీసాదైనా, బ్యాంకుదైనా, ఇండియా కోర్టుదైనా, పట్టుకుని ఆమె దగ్గరికే వచ్చేవారు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని ముందు తేదీ చూసేవారు. ఆ తర్వాత సరాసరి చివరి పేరా. మధ్యలోది చదివేవారు కాదు. “మధ్యలోదంతా మర్యాదే అమ్మాయ్. రాసేదాన్ని నేనే కదా, నాకు తెలీదా?” అనేవారు. చాలామందికి ఆమె అంటే గిట్టేది కాదు. చెడ్డ కబురు చెప్పేటప్పుడు కూడా గొంతు తగ్గించేవారు కాదు మరి.

నేను పన్నెండో తరగతిలో ఉన్నప్పుడు, దోహాలోనే ఉన్న ఒక అమెరికా యూనివర్సిటీ శాఖలో కంప్యూటర్ సైన్సు కోసం ముందస్తు దరఖాస్తు పెట్టాను. అంటే అందరికన్నా ముందు నవంబరులోనే పెట్టేది. డిసెంబరు మధ్యకల్లా జవాబు వచ్చేస్తుంది. పుట్టింది నరసాపురంలోనే అయినా నాకు ఇక్కడ తప్ప మరో ఊరు తెలియదు. ఆ సీటొస్తే ఫీజుకు సాయం దొరుకుతుంది, ఇంట్లోనే ఉండి చదువుకోవచ్చు. రాకపోతే ఏం చేయాలన్నది మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడితే అవిశ్వాసం అనుకునేది అమ్మ.

ఆ తర్వాత అమ్మ చేసిన పని మా క్రైస్తవ సంఘాల వాళ్ళే చేస్తారు, మరొకరికి తోచదు. జవాబు రాకముందే, డిసెంబరు మొదటి శుక్రవారం ఆరాధనలో లేచి నిలబడి, “నా బిడ్డకు దేవుడు సీటిచ్చాడు, పొందుకున్నానని నమ్మి సాక్ష్యమిస్తున్నాను” అని చెప్పేసింది. ఇక్కడ ఆదివారం అందరికీ డ్యూటీ ఉంటుంది కాబట్టి మా ఆరాధన శుక్రవారమే. అంతటితో ఆగలేదు. మరుసటి శుక్రవారం సాయంత్రం ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టింది. అరవై మంది వచ్చారు. పాటలు పాడారు. పాస్టరుగారు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. అందరూ కొబ్బరన్నం, కోడికూర తిన్నారు. నాకు పెన్నుల సెట్లు మూడొచ్చాయి. వంటింట్లో గరిటె పట్టుకుని వడ్డిస్తున్న కరుణమ్మ ఆంటీ నా చెవి దగ్గరికి వంగి, “ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మీ అమ్మకి చెప్పకే, నన్ను కొడుతుంది,” అన్నారు. నేను నవ్వాను. అప్పటికే నా భుజాల మీద ఎవరో కప్పిన శాలువా ఉంది.

ఆ సోమవారమే జవాబు వచ్చింది. అందులో అభినందనలు లేవు, తిరస్కారమూ లేదు. నా దరఖాస్తును మామూలు విడతలోకి వాయిదా వేశారట, మార్చి ఆఖరుకు మళ్ళీ చూస్తారట. నాన్న రెండుసార్లు చదివి, “అంటే ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?” అన్నారు. అమ్మ పాస్టరుగారికి ఫోను చేసింది. స్పీకరులో ఆయన గొంతు హాలంతా వినబడింది. “ఆలస్యమే గాని నిరాకరణ కాదమ్మా. మార్చిలో మరింత మహిమగా ఇస్తాడు.” అమ్మ కళ్ళు తుడుచుకుని లేచి టీ పెట్టింది. ఆ తర్వాత మూడు నెలల్లో అదే మాట నాకు ఎంతమంది చెప్పారో గుర్తులేదు. చెప్పినవాళ్ళందరూ మా ఇంట్లో కోడికూర తిన్నవాళ్ళే.

మర్నాడు ఆ మెయిలు ప్రింటు పట్టుకుని ఆంటీ దగ్గరికి వెళ్ళాను. ఆమె తేదీ చూశారు, చివరి పేరా చూశారు, కాగితం బల్ల మీద పెట్టేశారు.

“కాదనే అంటున్నారు,” అన్నారు.

“కాదని ఎక్కడా లేదాంటీ. మార్చిలో మళ్ళీ...”

“ఉండదు. నేనైనా రాయను. మార్చిలో ఓ ఇద్దరు ముగ్గురిని తీసుకుంటారేమో, ఆ ఇద్దరు ముగ్గురి కోసం అందర్నీ గుమ్మంలో నిలబెడతారు. నిలబడు కెజియా, తప్పులేదు. కాని చేతిలో ఇంకో పని పెట్టుకుని నిలబడు.”

నాకు ఏడుపొచ్చింది. ఆమె ఓదార్చలేదు. లేచి వెళ్ళి, నా ముందు తెల్ల కాగితాలు, పెన్ను పెట్టారు. వాయిదా పడ్డవాళ్ళు యూనివర్సిటీకి ఒక ఉత్తరం రాసుకోవచ్చు, మాకు ఇంకా మీ దగ్గరే చేరాలని ఉంది, ఈమధ్య కొత్తగా ఇది సాధించాం అని. నేను రెండు పేజీలు నింపాను. నా చిన్ననాటి కల, మా అమ్మానాన్నల త్యాగం, యూనివర్సిటీ వాళ్ళ దయ, అన్నీ పెట్టాను. ఆంటీ వైట్‌నర్ తీసి ఒక్కొక్క మాట మీదా పూసుకుంటూ పోయారు. దయ పోయింది. కల పోయింది. వేడుకోవడం మూడు చోట్ల పోయింది. నా కాగితం గోడకు సున్నం వేసినట్టు తయారైంది.

“కొట్టేయొచ్చు కదాంటీ?” అన్నాను ఉక్రోషంగా.

“కొట్టేస్తే కనబడుతూనే ఉంటుంది. కనబడితే మళ్ళీ అదే రాస్తావు.”

చివరికి ఏడు వాక్యాలు మిగిలాయి. అర్ధ సంవత్సర పరీక్షల మార్కులు, బడి లైబ్రరీ కోసం నేను తయారుచేసిన చిన్న ప్రోగ్రాం, ఇప్పటికీ చేరాలని ఉందన్న ఒక్క మాట. ఆ ఉత్తరం పంపాను. ఈ రోజుకీ నేను రాసిన ఉత్తరాల్లో మంచిది అదే.

రెండో పని ఆంధ్రాలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష. మంచి ర్యాంకు వస్తే ఫీజు సగం తగ్గిస్తారు. దరఖాస్తుకు ఫిబ్రవరి ఆఖరు గడువు. ఆంటీయే ఫారం ప్రింటు తీసి, సంతకాలు పెట్టాల్సిన చోట పెన్సిలుతో గుర్తులు పెట్టి ఇచ్చారు. అది అమ్మ కంటబడింది. అమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. ఫారం చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చుని, “అంతమంది ముందు నిలబడి చెప్పానే. ఇప్పుడు వెనకనుంచి ఇంకోచోట దరఖాస్తు పెడితే, ఆయన్ని నేను నమ్మనట్టే కదే?” అంది.

నేను ఆ ఫారం నింపలేదు. తప్పంతా అమ్మ మీదికి నెట్టేయడం సులువు, చాలా ఏళ్ళు నెట్టాను కూడా. నిజమేమిటంటే ఎదురుచూడడం నాకే బాగుంది. మార్చి దాకా నేను సీటు రాని పిల్లను కాను. ప్రతి శుక్రవారం మందిరంలో అందరూ నా పేరు పెట్టి ప్రార్థిస్తుంటే, ఎక్కడో తెలియని ఊళ్ళో సీటు కోసం పరీక్షకు కూర్చుని చదవాలని ఎవరికి ఉంటుంది? మార్చి మొదట్లో ఆంటీ, “ఫారం పంపావా?” అని అడిగారు. “పంపానాంటీ,” అన్నాను. నమ్మారు. ఏ కాగితాన్నీ నమ్మని మనిషి నా మాట నమ్మారు.

మార్చి ఆఖరులో వచ్చిన మెయిలు చాలా చక్కగా రాశారు. దాన్ని ఆంటీకి చూపించడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. తేదీ, చివరి పేరా.

“సరే, అయిపోయింది. ఆంధ్రా పరీక్ష ఎప్పుడు?”

నేను కాగితం మడతపెట్టడం మొదలుపెట్టాను. ఆమె కళ్ళజోడు తీశారు.

“పంపలేదా?”

“లేదాంటీ.”

“మీ అమ్మ వద్దందా?”

అవునంటే సరిపోయేది. “నేనే పంపలేదు,” అన్నాను.

ఆమె వెళ్ళి వీధి తలుపు తీసి, “ఇంటికెళ్ళమ్మా,” అన్నారు. అంతే. తర్వాత రెండు నెలలు ఎదురుపడినా పలకరించలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నాన్న భీమవరం, కాకినాడ కాలేజీలకు ఫోన్లు చేశారు. డొనేషన్ లేకుండా సీటిస్తామన్నవాళ్ళు దొరకలేదు. అప్పుడే కంపెనీలో మనుషుల్ని తగ్గిస్తున్నారు, నాన్నకు ధైర్యం చాలలేదు. ఆ ఏడాది ఇంట్లో కూర్చున్నాను. తరవాతి ఏడాది దూరవిద్యలో బీకాం కట్టాను. కంప్యూటర్ సైన్సు మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు. మందిరంలో కొందరు, “దేవుడు ఇంతకన్నా మంచిది దాచిపెట్టాడమ్మా,” అన్నారు. ఎక్కడ దాచాడో ఇప్పటికీ నాకు కనబడలేదు. అమ్మ ముందు వరుసలో కూర్చోవడం మానేసింది, మళ్ళీ ఎప్పుడూ సాక్ష్యం చెప్పలేదు. ఒకరోజు కూరగాయలు తరుగుతూ, తలెత్తకుండా, “నేను తొందరపడ్డానంటావా?” అని అడిగింది. వినబడనట్టు లేచి వెళ్ళిపోయాను. అంత దుర్మార్గం నేను మరెవరికీ చేయలేదు.

ఆంటీ ఉద్యోగం ఆ తగ్గింపుల్లోనే పోయింది. సామాను సర్దడంలో సాయం చేయమని అమ్మ నన్ను పంపింది. ఆంటీ పెద్దగా మాట్లాడలేదు గాని వెళ్ళిపొమ్మనీ అనలేదు. అలమర కింది అరలో ఒక నీలం ఫైలు దొరికింది. అందులో ఉన్నవన్నీ కంపెనీ ఆమెకిచ్చిన ఉత్తరాలు. పాతికేళ్ళూ ఆమె కాంట్రాక్టు మీదే పనిచేశారు. పర్మనెంటు చేయమని ఏటా అడిగేవారట, ఏటా ఒక జవాబు వచ్చేది. నేను ఆమె చూసినట్టే తేదీ చూశాను, చివరి పేరా చూశాను. అన్నిటిలోనూ ఒకటే మాట, మీ విషయం పరిశీలనలో ఉంది అని. ఉత్తరాల అడుగున, టైపు చేసినవాళ్ళ పొడి అక్షరాలుండే చోట, ఆమె అక్షరాలే ఉన్నాయి. మేనేజరు చెబుతుంటే తన జవాబు తానే టైపు చేసుకున్నారు.

“మీకు తెలుసు కదాంటీ, మరి ఎందుకు ఆగారు?” అని అడిగాను.

ఆమె చేతిలోని దుప్పటి మడత పెట్టి పెట్టెలో సర్దారు. “ఎవరు కాగితం తెచ్చినా చదివి చెప్పేదాన్ని. నాది చదివి, ‘కరుణా, కాదంటున్నారే’ అని చెప్పినవాళ్ళు ఒక్కరు లేరమ్మా,” అన్నారు. మళ్ళీ కాసేపటికి, “చెప్పినా వినుండేదాన్ని కాదులే. నీకు చెప్తే నువ్వు విన్నావా?” అన్నారు. ఇద్దరం కలిసి పెట్టెకు టేపు వేశాం. మూడోరోజు ఆమె వెళ్ళిపోయారు. పోయిన ఏడాది అమలాపురంలో చెల్లెలి ఇంట్లో కన్నుమూశారని వాట్సాప్‌లో చూశాను.

ఇప్పుడు నా ఉద్యోగం, పని కోసం వచ్చే దరఖాస్తులకు జవాబివ్వడం. మా మేనేజరు మంచివాడే. “ఎవరినీ నొప్పించకు, ఫైల్లో ఉంచామని రాయి, బుక్రా చూస్తామని చెప్పు,” అంటాడు. బుక్రా అంటే రేపు. నేను అలా రాయను. ఫోను చేసి లేదని చెప్తాను. ఆఫీసులో నాకు రాతిగుండె అని పేరుంది. ఈ వారం జగిత్యాల వైపు మనిషి ఒకాయన స్టోర్‌కీపరు పని ఏమైందని ఫోనులో అడిగాడు. అటువాళ్ళకు గల్ఫంతా దుబాయే.

“ఇంటికాడ అందరు అడుగుతున్నరు మేడం, దుబాయ్‌ల నౌకరి ఏమైందని. ఇంకో నెల ఆగుమంటే ఆగుతా.”

“వద్దన్నా, ఆగొద్దు. ఇక్కడ పని లేదు, వచ్చే నెలా ఉండదు. ఇంకో కంపెనీ పిలిస్తే ఇవాళే వెళ్ళిపో.”

“గింత కటువుగ చెప్తరా మేడం? జెర మంచిగ చెప్తె మీ సొమ్మేం పోతది?” అని ఫోను పెట్టేశాడు.

నేను తర్వాతి దరఖాస్తు తీశాను. అతని కోపం ఎన్నాళ్ళుంటుందో నాకు తెలుసు. అది చల్లారేలోపు అతనికి ఎక్కడో ఒకచోట పని దొరికితే చాలు. నాకు థాంక్స్ చెప్పడానికి మళ్ళీ ఫోను చేయడు. నేనూ ఆంటీకి చేయలేదు.