కాగితాల పెట్టెకు ఉప్పు ముద్ర

నేను మూడో తరగతి వరకే చదివాను. అందులోనే రెండేళ్ళున్నాను. మూడో ఏడు మేష్టరే మా ఇంటికొచ్చి, వీణ్ణి ఇక పంపకండని మా అయ్యను బతిమాలుకున్నాడు. అలాంటి నన్ను ఉప్పు శాఖవారు ఒక డాక్టరు పట్టం పనికి వేశారు. మొదటి యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు, ఫాల్గుణంలో, నౌపడ ఉప్పు కొటారులో జవానుగా ఉన్నప్పటి సంగతి ఇది.

వచ్చినాయన మద్రాసులో రసాయన శాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు. మళ్ళలో ఉప్పు ఎలా గడ్డకడుతుందో కొలిచి, డాక్టరు పట్టానికి సిద్ధాంత వ్యాసం రాయాలని ఆరు నెలల సెలవు పెట్టాడు. భార్య ఏడాది కిందటే పోయింది. వెంట మూడున్నరేళ్ళ కూతురు చిట్టి. ఆయనకు సాయంగా ఉండమని ఇన్‌స్పెక్టరుగారు నాకు ఉత్తర్వు చేశారు. ఆయన మళ్ళలో ఉన్నంతసేపూ పిల్లను కొటారులో పనిచేసే నీలమ్మ చూసుకునేది.

ఒకనాడు మేం తిరిగొచ్చేసరికి చిట్టి ఆయన రాసిన పదిహేను పేజీలను ఉప్పునీళ్ళ తొట్టిలో నానబెట్టి, ఎప్పుడు గడ్డకడతాయా అని చూస్తూ కూర్చుంది. ఆయన కొట్టలేదు. పిల్లను అమ్మమ్మగారింటికి పంపడమో, రాత మానుకుని పోవడమో తేల్చుకోవాలన్నాడు. చిట్టి లేకుండా ఆయనకు అన్నం దిగదని నాకు తెలుసు.

ఇక్కడ మా పని సంగతి ఒకటి చెప్పాలి. తీసిన ఉప్పును రాశి పోశాక దాని మీద బూడిద చల్లి, చెక్క ముద్ర గుద్దుతాం. ఎవరైనా ఒక్క గుప్పెడు తీసినా అచ్చు చెదిరిపోతుంది. ముద్ర వేసినవాడు వచ్చి సరిచూసేదాకా రాశి జోలికి ఎవరూ పోకూడదు. మళ్ళలో తిరిగే చంటిపిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు. చిట్టికీ తెలుసు.

మర్నాడు ఆయన కాగితాల పెట్టె మూత అంచున తడిబూడిద మెత్తి ముద్ర గుద్దాను. చిట్టిని కాపలా పెట్టాను. రోజూ ఆయన మళ్ళకు వెళ్ళేముందు వేయడం, తిరిగొచ్చాక నేను సరిచూసి తీయడం. రెండు నెలల్లో ఒక్క పేజీ తడవలేదు.

ఆ తరవాత ఒక మధ్యాహ్నం మద్రాసు నుంచి ఆయన గురువుగారి ఉత్తరం వచ్చింది. తాను దూరప్రయాణం పోతున్నాననీ, రాసినంతవరకు ఉత్తరం అందిన పూటే మెయిల్లో వేస్తే చూసి పోతాననీ దాని సారాంశం. ఆయన ఒక్కడే మళ్ళ నుంచి తిరిగొచ్చాడు, నేను ఇంకా కొటారు అవతలి కొసనే ఉన్నాను. ఆయన పెట్టె మీద చెయ్యి వేయబోతే చిట్టి దాని మీద బోర్లా పడుకుందట.

"ముద్దరుంది నాన్నా. జవాను మావ రావాల."

"నాన్ననమ్మా, నా కాగితాలే."

"అయితే ఏటి?"

బూడిద తుడవడం ఎంతసేపు. కానీ సగం వ్యాసం ఇంకా రాయాల్సి ఉంది. ఈ రోజు తాను తుడిస్తే రేపు చిట్టి తుడుస్తుంది. ఆయన పిల్లను భుజాన వేసుకుని, పెట్టె నీలమ్మ నెత్తికెత్తి, గట్ల వెంట మైలు దూరం నా దగ్గరికొచ్చాడు.

నేను తలపాగా సర్దుకుని, పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చూసి, ముద్ర సరిగా ఉందని ప్రకటించి తీశాను.

"బేగి సూడు మావా, బండెళిపోద్ది," అంది చిట్టి, ఆలస్యమంతా నాదే అన్నట్టు.

పెట్టె నీలమ్మకు అప్పగించి, కాగితాలతో ముగ్గురం స్టేషనుకు పరిగెత్తాం. మేం చేరేసరికి టపా సంచి కట్టేస్తున్నారు. ఆయన దణ్ణం పెడితే మళ్ళీ విప్పారు. మిగతా సగం సెలవు తీరేలోగా పూర్తయింది. చిట్టి అమ్మమ్మగారింటికి పోలేదు. మరుసటేడు పట్టం వచ్చిందని ఆయన కార్డు రాశాడు.

తరవాత నేను జమేదారునై, ఎంతోమంది జవాన్లకు ముద్ర పని నేర్పాను. అందరికీ ఒకటే చెప్పాను: పై అధికారి తన తొందర కొద్దీ ఒక్కసారి ముద్ర చెరిపితే, ఆ తరవాత కూలీవాళ్ళను ఆపడానికి మీకు నోరుండదు.

కార్డు వచ్చిననాడు కొటారంతా తిరిగి, ఆ పట్టంలో సగం నాదేనని చెప్పుకున్నాను. నీలమ్మ తట్ట దించి నన్ను ఎగాదిగా చూసింది.

"రాసినోడు ఆ బాబు. కాసింది ఆ పిల్ల. నువ్వేటి సేసినావు బావా? బూడిదలో అచ్చేసినావు. మా కోడిపెట్ట రోజూ ఏత్తాది, దానికీ ఓ పట్టం ఇప్పించు."