వేలికి తగలని చిరుగు

మోరంపూడిలో నా స్పేర్ పార్టుల షాపుకూ మెకానిక్ పల్లంరాజు షెడ్డుకూ మధ్య ఒక్క రేకు గోడే అడ్డం. మనిషి మాటల్లో మహా పొదుపరి, మొండితనంలో మాత్రం ధారాళం. బండి కింద దూరితే లైటు వేసుకోడు. యాక్సిల్ చివర జాయింటుకు తొడిగే ముడతల రబ్బరు బూటును కళ్ళు మూసుకుని, ఒక్కో మడతా విప్పి బొటనవేలితో తడుముతాడు. పట్టిసీమ దగ్గర గోదావరిలో చేపలు వేటాడిన అతని తండ్రి వలను అలాగే చూసేవాడట. వలంతా కన్నాలే కాబట్టి చిరుగేదో కంటికి తెలియదు, చేతికే తెలుస్తుందని ఆయన నేర్పిన పాఠం. ఇతను వల వదిలేశాడు గానీ ఆ పాఠాన్ని వదల్లేదు.

ఈ ఏడాది షుగరు అతని వేళ్ళ మీదికి వచ్చింది. పొయ్యి మీది గిన్నెను ఉత్త చేతులతో దించాడని, చర్మం కమిలినా తెలియలేదని, అతని భార్య నూకరత్నం మా ఆవిడతో చెప్పుకుని ఏడ్చింది. ఆ వేళ్ళు పోతే షెడ్డు పోయినట్టే. కనీసం సెల్‌ఫోను లైటైనా వేసుకోవయ్యా అని నేను కేకలేశాను. తలూపి, లైటు లేకుండానే బండి కిందికి దూరాడు. భయమేస్తోందో లేదో కూడా ఆ ముఖంలో కనిపించలేదు.

మొన్న లెక్చరర్ శశిభూషణ్ గారు తన పాత ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చారు. రెండే సీట్ల బండి. దాన్ని ఇంట్లో మనిషి కంటే ఎక్కువ చూసుకుంటారు. మర్నాడు కూతురు వర్షిణిని పక్కన కూర్చోబెట్టుకుని మారేడుమిల్లి ఘాట్ ఎక్కాలట. బూటు చిరిగితే గ్రీజు కారిపోతుంది, ఇసుక దూరుతుంది, ఏ మలుపులోనో జాయింటు విరిగినా విరుగుతుంది. పల్లంరాజు చేతులు శుభ్రంగా తుడుచుకుని కిందికి దూరాడు. కళ్ళు మూసుకున్నాడు. బయటికొచ్చి, బూట్లు బాగానే ఉన్నాయని చెప్పాడు. ఆయన కారెక్కి వెళ్ళిపోయారు.

నేను టీ అందించాను. గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. అతని బొటనవేలి దగ్గర గాజు మీద నల్లటి గ్రీజు మరక. తుడుచుకున్న చేతులతో తడిమింది పైన పొడిగా ఉండాల్సిన రబ్బరును. కాసేపు ఆ మరకనే చూసి, ఫోను చేసి కారును వెనక్కి రప్పించాడు.

శశిభూషణ్ గారు కంగారుగా దిగారు. కింద పడుకోండి అన్నాడు పల్లంరాజు. ఎందుకని అడగబోయి, అతని ముఖం చూసి, ఇస్త్రీ చొక్కాతోనే పడుకున్నారాయన. పల్లంరాజు పక్కనే చేరి, ఆయన వేలు పట్టుకుని బూటు లోపలి మడతలోకి తీసుకెళ్ళాడు.

"తగులుతోందాండీ మేస్టారూ?"

"ఆ, చీలింది. జిడ్డుగా ఉంది."

"నాకు తగలట్లేదండి. ఇకనుంచి బండి ఇంకెవరికైనా చూపించండి."

కరెంటు పోయిందని చెప్పినంత మామూలుగా అన్నాడు. శశిభూషణ్ గారు లేవలేదు. పల్లంరాజు ఆయన వేలును ఇంకా ఆ చిరుగు మీదే పట్టుకుని ఉన్నాడు.