సున్నా దగ్గర ఆపేసిన ఆట

ఇప్పటికీ టీవీలో ఆటల స్కోరు పట్టీ కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. మా ఆవిడ గబుక్కున రిమోట్ లాక్కుని ఛానల్ మార్చేస్తుంది. లేకపోతే తిట్లు మొదలవుతాయని ఆవిడకి తెలుసు.

ఐటీ మంచి ఊపు మీదున్న రోజులు. సింగపూర్ సైన్స్ పార్క్‌లో మా ఆఫీసు. మేం చేసే పని అమెరికాలో ఒక కేబుల్ ఛానల్‌ది. అందులో పొద్దస్తమానం కాలేజీ ఆటలే. మనకి కాలేజీ ఆటలంటే గ్రౌండులో సున్నం గీతలూ, ప్రిన్సిపాల్ గారి ఉపన్యాసమూ. అక్కడ స్టేడియాలు నిండిపోతాయట. స్కోరు పట్టీ నడపడం, ఆట అయిపోగానే ఛానల్‌ని తరవాతి కార్యక్రమానికి మార్చడం, ఈ రెండూ మా ప్రోగ్రామ్ చెయ్యాలి. టీమ్‌లో ఐదుగురం. ఒక్కళ్లూ ఆ ఆట చూసిన పాపాన పోలేదు. ఫుట్‌బాల్ అంటారు, బంతి చేత్తో పట్టుకుని పరిగెడతారు, అదేం ఫుట్‌బాలో ఏమో!

తెలియకపోవడం తప్పు కాదు. తెలియదని చెప్పకపోవడం, అదీ మా రోగం. క్లయింటు ఫోన్లో ఏం చెప్పినా అందరం తలలూపి అర్థమైంది సార్ అనేవాళ్లం. మా మేనేజరు మనవాడే, గుంటూరు మనిషి. "తెలీదంటే ప్రాజెక్టు పోద్ది, ఇక్కడ ఉండనిచ్చే మన వర్క్ పాసులు పోతాయి, పెట్టెలు సర్దుకోవడమే" అనేవాడు.

ఒకే ఒక్కామె అడిగింది. హైదరాబాద్ ముస్లిం అమ్మాయి, క్లెమెంటి పేటలో మా ఫ్లాట్ల బ్లాకులోనే ఉండేది, నన్ను అన్నా అని పిలిచేది. వాళ్లాయన అక్కడ యూనివర్సిటీలో చదువుకుంటున్నాడు, ఇల్లు గడిచేది ఆమె ఉద్యోగం మీదే. ఓ రోజు క్లయింటు ఫోన్లో ఉండగా, వెనక్కి లెక్కపెట్టే ఆట గడియారం సున్నాకి వచ్చేసరికి స్కోర్లు సమానంగా ఉంటే ఏమవుతుందని ఆమె నోరు తెరిచిందో లేదో, మేనేజరు ఫోన్ మ్యూట్ నొక్కేశాడు. "ఏమ్మా, మనకేం తెలీదని చాటింపు వేస్తావా? సున్నా అయితే ఆట అయిపోయినట్టే. అలాగే రాసెయ్యండి." అలాగే రాశాం. అసలు ఆ ముక్క రాసింది నేనే.

మొదటి శనివారమే దెబ్బ పడింది. మాకప్పుడు ఆదివారం పొద్దున. స్కోర్లు సమానం, గడియారం సున్నా. ఆట ముగిసిందని పట్టీ మీద పడింది, ఛానల్ నిక్షేపంగా వేరే కార్యక్రమంలోకి వెళ్లిపోయింది. అక్కడ స్టేడియంలో ఆట ఇంకా నడుస్తోంది! సమానమైతే గడియారం పక్కన పెట్టి, ఇటు జట్టుకోసారి అటు జట్టుకోసారి బంతి ఇచ్చి, తేలేదాకా ఆడిస్తారట. ఆ ఆఖరి ముక్క టీవీలో ఎవరూ చూడలేదు.

మంగళవారం క్లయింటుతో ఫోన్ మీటింగు. ఆట నియమాలు కనుక్కునే బాధ్యత ఆ అమ్మాయిది, ఆమె అడగలేదు అన్నాడు మేనేజరు. అడగలేదట! ఎదురుగా కూర్చున్న మనిషి మొహం చూస్తూ అంత పచ్చి అబద్ధం! సిగ్గూ శరం ఉండక్కర్లేదూ? ఇంకెవరైనా ఏమన్నా చెప్పాలా అని క్లయింటు అడిగాడు. అప్పుడు ఫోన్ మ్యూట్‌లో కూడా లేదు. నేను బల్ల వంక చూస్తూ కూర్చున్నాను.

ఆమె ఉద్యోగం పోయింది. దాంతో పాసూ పోయింది. మిగిలిన మేం నలుగురం హాకర్ సెంటర్‌లో, అంటే అక్కడి తిండి కొట్ల దగ్గర, కూర్చుని మేనేజరుని నోటికొచ్చినట్టు తిట్టాం. వాడి వంశాన్నీ వదల్లేదు. తిరిగి ఆఫీసులో అడుగు పెట్టగానే మళ్లీ సార్, సార్.

ఆమె వెళ్లిపోయే రోజు పెట్టె మోసిపెట్టడానికి వెళ్లాను, పెద్ద ఉపకారిలాగ. లిఫ్ట్ దగ్గర ఆగి అడిగింది.

"ఆయన సంగతి సరే. మీరెందుకు చెప్పలేదన్నా?"

"నా పాసు రెన్యువల్ కాగితాలు ఆ వారం ఆయన టేబుల్ మీదున్నాయమ్మా."

"నేను ఆ మాట అడిగిన రోజు నావి కూడా ఆ టేబుల్ మీదనే ఉండె అన్నా" అంది.